మీ తమ్ముడు ఎవరితో ఆడుతున్నాడు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీ తమ్ముడు బెజవాడలోనే బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు. రాత్రిళ్లు టెక్కెన్ 8 అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడి ఆడి టెక్కెన్ కింగ్ ర్యాంకు తెచ్చుకున్నాడు. ఇక కాలేజీ మానేసి ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతానంటున్నాడు. మీ నాన్నగారు మూడు వారాలుగా అతనితో మాట్లాడటం లేదు. పటమటలో ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మీరు నలిగిపోతున్నారు. "ఈ దారిలో నడిచినవాళ్లెవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

నాది గుంటూరు, అరండల్‌పేట. వయసు ముప్ఫై ఏడు. ఫైటింగ్ గేమ్స్ మీద పన్నెండేళ్లు పెట్టాను. అందులో నాలుగేళ్లు, చుట్టాలెవరైనా "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అంటే మా అమ్మ "కంప్యూటర్ పని" అని చెప్పి మాట మార్చేసేది. పెద్ద ఛాంపియన్‌ని కాను. మన దేశంలో మూడు టోర్నమెంట్లు గెలిచాను. బయట ఒక్కటే ఆడాను, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు మా నాన్న నడిపిన మిర్చి కమిషన్ కొట్టులో కూర్చుంటున్నాను, ఆదివారాలు ఆడతాను.

ముందు ఆ ర్యాంకు విషయం. టెక్కెన్ కింగ్ అంటే తక్కువేం కాదు. అక్కడిదాకా వచ్చాడంటే చేతిలో పనితనం ఉంది, ఓపిక ఉంది. ఊరికే బటన్లు నొక్కుతూ కూర్చుంటే అక్కడికి చేరరు, ఈ మాట మీ నాన్నగారికి నా పేరు చెప్పి మరీ చెప్పండి. కానీ దానిపైన టెక్కెన్ ఎంపరర్, టెక్కెన్ గాడ్, ఆ పైన ఇంకా మెట్లున్నాయి. ఆ పై మెట్లవాళ్లు కూడా పెద్ద టోర్నమెంట్‌లో మధ్యాహ్నం భోజనం వేళకల్లా ఓడిపోయి సంచి సర్దుకోవడం నేను చూశాను.

ఎందుకలా అంటే ఆట లోపలి సంగతి కొంచెం చెప్పాలి. తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది. ఒక్కో మార్పు ఒక ఫ్రేమ్, అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు. టెక్కెన్‌లో అన్నిటికన్నా వేగమైన గుద్దుకి 10 ఫ్రేములు, సెకనులో ఆరో వంతు. కంటితో చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి సెకనులో నాలుగో వంతో ఐదో వంతో పడుతుంది. కాబట్టి ఆ గుద్దుని చూసి కాచుకోవడం కుదరదు, ఎప్పుడొస్తుందో పసిగట్టాలి. అలాగే ఎదుటివాడి మూవ్‌ని మనం కాచుకున్నాక అతను తేరుకోవడానికి మనకన్నా 10 ఫ్రేములు ఎక్కువ పడితే మన గుద్దు తప్పకుండా తగులుతుంది. 9 అయితే తగలదు. ఇలాంటి లెక్కలు ప్రతి పాత్రకీ, ప్రతి మూవ్‌కీ ఉంటాయి. టెక్కెన్ 8 వచ్చిన రోజునే అందులో 32 పాత్రలున్నాయి. ఇదంతా బట్టీ పట్టొచ్చు. బెజవాడ ఇంటర్ హాస్టల్లో రెండేళ్లు ఉన్నవాడికి బట్టీ ఒక లెక్కా!

బట్టీకి అందనిది మనిషి. లైఫ్ అయిపోవస్తుంటే భయపడి ఏం చేస్తాడు, గెలుస్తున్నప్పుడు ఎక్కడ తొందరపడతాడు, ఒకసారి మోసపోయాక రెండోసారి ఏం నొక్కుతాడు. ఇవి ఒకే మనిషితో వందల ఆటలు ఆడితే గానీ తెలియవు. ఆన్‌లైన్ ర్యాంకు మ్యాచ్‌లో ఒకరితో మహా అయితే మూడు గేములు, తర్వాత ఇంకొకరు. పైగా నెట్ దూరాన్ని దాచడానికి ఆట ఒక పని చేస్తుంది, రోల్‌బ్యాక్ అంటారు. ఎదుటివాడి బటన్ మన దాకా చేరకముందే అతను ఏం నొక్కి ఉంటాడో ఊహించి చూపించేస్తుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకుంటుంది. పాత పద్ధతిలో బటన్ చేరేదాకా ఆటే ఆగేది, దానికన్నా ఇది వెయ్యి రెట్లు నయం. కానీ ఆ దిద్దుబాటులో కొన్ని ఫ్రేములు కంటికి కనపడకుండా ఎగిరిపోతాయి. ఇంట్లో కూర్చుని ఆడినప్పుడు చెల్లిన మోసాలు, పక్కపక్కన కూర్చుని ఆడినప్పుడు చెల్లవు.

అందుకే కాలేజీ మానాలా వద్దా అన్నదానికంటే ముందు నేనడిగేది, మీ తమ్ముడు ఎవరితో ఆడుతున్నాడు? మనుషుల పేర్లు చెప్పమనండి. ఆన్‌లైన్ ఐడీలు వద్దు.

నేను నేర్చుకున్నది వీడియో గేమ్ పార్లర్లో. మా లైనుకి రెండు లైన్ల అవతల జిరాక్స్ షాపు వెనక గదిలో మూడు పెట్టెలుండేవి. ఒకదాంట్లో ముస్తఫా అనే ఆట, ఇంకోదాంట్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మూడోది ఎప్పుడు చూసినా రిపేరే. రూపాయి బిళ్ల వేస్తే ఆట. గెలిచినవాడు ఆడుతూనే ఉంటాడు, ఓడినవాడు పక్కకి జరిగి ఇంకో రూపాయి వెతుక్కోవాలి. నాకు రోజుకి దొరికేది రెండు రూపాయలు. రెండు రూపాయలతో గంటసేపు ఆడాలంటే ఓడకూడదంతే. అంతకన్నా మంచి కోచింగ్ నాకు తర్వాతెక్కడా దొరకలేదు.

మా బావ అక్కడే పరిచయం. చుట్టరికమేమీ లేదు, గుంటూరు పిలుపు. కొత్తపేట నుంచి సైకిలేసుకుని వచ్చేవాడు. కింగ్ ఆఫ్ ఫైటర్స్‌లో వాడి పాత్ర ఇయోరి, నాది క్యో. తర్వాత బ్రాడీపేటలో ప్లేస్టేషన్ పార్లర్లు వచ్చాయి, గంటకి 15 రూపాయలు, టెక్కెన్ 3, ఆ తర్వాత టెక్కెన్ 5. ఇంజనీరింగ్ కూడా ఒకే కాలేజీలో వెలగబెట్టాం. ఉద్యోగాలొచ్చాక వాళ్ల మేడ మీద గది మాకు అడ్డా అయింది. శనివారం రాత్రికి తెనాలి నుంచి ఇద్దరు, మంగళగిరి నుంచి ఒకడు వచ్చేవాళ్లు. మేలో ఆ రేకుల గదిలో చెమటకి కంట్రోలర్ జారిపోతుంటే వేళ్లకి పౌడర్ రాసుకుని ఆడేవాళ్లం. కరెంటు పోతే చీకట్లో కూర్చుని ఇందాకటి రౌండు గురించే కొట్టుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే నేర్చుకున్నదాంట్లో సగం కరెంటు లేనప్పుడే నేర్చుకున్నాం.

2013లో హైదరాబాద్‌లో టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2 మీద ఒక పోటీ. ఫైనల్లో నేనూ, మా బావే. అక్కడివాళ్లు "ఈ గుంటూరోళ్లు ఎక్కణ్ణించి వచ్చార్రా" అన్నట్టు చూశారు. నేను గెలిచాను, 40 వేలు. సగం వాడి జేబులో పెడితే తిట్టాడు గానీ తీసుకున్నాడు. తెల్లారి గుంటూరులో దిగి శంకర్‌విలాస్ సెంటర్లో ఇడ్లీ తింటుంటే, ఇక జీవితమంతా ఇంతే అనిపించింది. మర్నాటి నుంచి ఆఫీసు పని చేదైంది. ఏడాది తిరక్కుండా కంప్యూటర్ విడిభాగాల కంపెనీ ఒకటి నెలకి 12 వేలు, ప్రయాణ ఖర్చులు ఇస్తామంది. ఉద్యోగం వదిలేశాను. ఆ రాత్రి మా నాన్న అన్నం తినలేదు. మీ నాన్నగారి మౌనం నాకు తెలుసమ్మా.

2015లో మా బావ ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్లిపోయాడు. మన గుంటూరులో ఇదేం వార్త? ప్రతి లైనులో ఇద్దరు ముగ్గురు వెళ్తూనే ఉంటారు. శంషాబాద్ దాకా వెళ్లి ఎక్కించి వచ్చాను. ఆ తర్వాత తెనాలివాళ్లలో ఒకడు బ్యాంక్ కోచింగ్‌కి, ఇంకొకడు బెంగళూరుకి. మేడ మీద గదిలో వాళ్ల అమ్మగారు మినుముల బస్తాలు పెట్టించారు. నేను ఓడిపోవడం మొదలైంది ఆ రోజు నుంచేనని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఎందుకంటే నేను ఆట తగ్గించలేదు, పెంచాను. రోజుకి ఎనిమిది గంటలు, ఒంటరిగా, ప్రాక్టీస్ మోడ్‌లో. కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బలు, గడియారంలా పడేవి. కానీ ప్రాక్టీస్ మోడ్‌లో బొమ్మకి భయం ఉండదు, కోపం రాదు, నా అలవాటు గమనించి నవ్వదు. 2016లో సింగపూర్ వెళ్లాను. టికెట్టు, హోటలు అంతా కలిపి 48 వేలు అయింది. డబుల్ ఎలిమినేషన్ అంటే ఒక మ్యాచ్ ఓడితే లూజర్స్ బ్రాకెట్‌కి పోతాం, అక్కడా ఓడితే ఇంటికి. నేను పదిన్నరకి మొదలుపెట్టి పదకొండుంబావుకి బయటపడ్డాను. మూడు రోజుల టోర్నమెంట్‌లో మిగిలిన సమయమంతా ప్రేక్షకుణ్ణి. ఇంటికొచ్చేసరికి స్పాన్సర్ డబ్బు ఆగిపోయింది. ఆపేస్తున్నామని ఎవరూ చెప్పలేదు, నెలాఖరుకి పడలేదు అంతే.

2017 జూన్‌లో టెక్కెన్ 7 ఇళ్లకొచ్చింది. రేజ్ ఆర్ట్ అని, లైఫ్ తగ్గినప్పుడు వేసే పెద్ద దెబ్బ ఒకటి కొత్తగా వచ్చింది, అలవాటైన దూరాలు మారిపోయాయి. పంతొమ్మిదేళ్ల పిల్లలు నన్ను చితక్కొట్టారు. కసితో ఇంకా ఎక్కువ ఆడితే ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. డాక్టరు మూడు నెలలు ముట్టుకోవద్దన్నాడు. ఆరు వారాలకే ముట్టుకున్నాను. దాంతో మరో ఐదు నెలలు పోయాయి. ఆ మధ్యలో ఒక టోర్నమెంట్ గెలిస్తే 60 వేలు ఇవ్వాల్సినవాళ్లు పద్నాలుగు నెలల తర్వాత 22 వేలు వేసి ఫోన్ ఎత్తడం మానేశారు. నా దగ్గర సంతకం పెట్టిన కాగితం లేదు, వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటుంది.

2018 చివర్లో కన్సోల్‌ని అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేశాను.

ఫైటింగ్ గేమ్స్‌కి ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న పోటీ ఎవో, లాస్ వేగాస్‌లో జరుగుతుంది. 2019 ఫిబ్రవరిలో దాని జపాన్ పోటీ, ఎవో జపాన్ జరిగింది. లాహోర్ నుంచి అర్స్లాన్ యాష్ అని ఒకతను, బయట ఎవరూ పెద్దగా ఎరగనివాడు, ప్రయాణంలో నానా తిప్పలు పడి చేరి, టెక్కెన్ 7 గెలిచేశాడు. ఫైనల్లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఏకేని ఓడించాడు. గెలిచాక అతను అన్నది, మా ఊళ్లో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని. జనం వినయం అనుకున్నారు. తర్వాత కొరియా దిగ్గజం నీ (పేరే అంత, నీ) విమానమెక్కి పాకిస్తాన్ వెళ్లి వాళ్లతో కూర్చుని ఆడితే అది వినయం కాదని తేలింది. ఆ ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఎవో ఫైనల్ అర్స్లాన్‌కీ, ఆ కొరియా ఆటగాడికీ మధ్యే. అర్స్లాన్ గెలిచాడు. నిద్ర మానుకుని చూశాను. మా బావకి మెసేజ్ పెట్టాను, "ఒరేయ్, వాళ్లకి మేడ మీద గది ఇంకా ఉందిరా" అని.

అర్స్లాన్ ప్రతిభ తక్కువ చేయడం లేదు. 2023లో, 2024లో మళ్లీ వేగాస్‌లో గెలిచాడు, 2024ది కొత్త ఆట టెక్కెన్ 8 మీద. కానీ ప్రపంచంలో నంబర్ వన్ అనిపించుకున్నవాడు పాకిస్తాన్ వెళ్లి పక్కన కూర్చున్నాడంటే, ఈ ఆటలో చదువు ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుస్తుంది. మీ తమ్ముడికి ఆ గది ఉందా?

రెండో విషయం, మన చేతిలో లేనిది. క్రికెట్‌లో బ్యాటు రాత్రికి రాత్రి పొట్టిదవదు. ఇక్కడ అవుతుంది. కంపెనీ ఒక ప్యాచ్, అంటే ఆటలో మార్పులు, వదిలితే, మనం మూడేళ్లు సాధన చేసిన పాత్ర తెల్లారేసరికి బలహీనమైపోతుంది. 2019 డిసెంబర్‌లో టెక్కెన్ 7లోకి లెరాయ్ అనే పాత్ర వచ్చింది, మరీ బలంగా. మరుసటి నెల ఎవో జపాన్‌లో టాప్ 8లో ఎక్కువమంది ఆ పాత్రతోనే కనిపించారు. తర్వాత దాని బలం తగ్గించేశారు. 2025 ఏప్రిల్‌లో టెక్కెన్ 8 రెండో సీజన్ మార్పులు వచ్చినప్పుడు ఆటగాళ్లు ఎంత గోల చేశారో మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది, కంపెనీ హడావిడిగా దిద్దుబాట్లు చేయాల్సి వచ్చింది. ఐదారేళ్లకొకసారి ఆటే మారిపోతుంది. అప్పటిదాకా నేర్చినదాంట్లో సగం చెత్తబుట్టలోకి. అది భరించగలడా అన్నది చూడాలి, గెలిచే రోజున కాదు.

పైకెళ్లినవాళ్లూ పడ్డారు, లేచారు. జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా గురించి మీ తమ్ముణ్ణి అడగండి, కళ్లు వెలుగుతాయి. 2004 ఎవోలో, స్ట్రీట్ ఫైటర్ అనే మరో ఫైటింగ్ గేమ్ మూడో భాగంలో, ఎదుటివాడి పాత్ర చున్-లీ వేసిన సూపర్ అనే పెద్ద దెబ్బని ఒక్కో తన్నూ కాచుకుంటూ తిప్పికొట్టిన వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ టోర్నమెంట్‌లో ఆ ఆట ఫైనల్ అతను ఓడిపోయాడని మాత్రం చాలామందికి గుర్తుండదు. తర్వాత ఆటలే వదిలేసి మహ్‌జాంగ్ వైపు వెళ్లాడు, అదీ మానేసి వృద్ధులను చూసుకునే కేంద్రంలో పని చేశాడు. స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చాక తిరిగొచ్చి 2009, 2010 ఎవోలు గెలిచాడు. అమెరికా కుర్రాడు పంక్ 2017 ఎవో స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్లో టోకిడో చేతిలో ఓడి స్టేజి మీదే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ కిరీటం అతనికి దొరికింది 2024లో, స్ట్రీట్ ఫైటర్ 6లో. ఏడేళ్లు! ఇంక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ. అప్పటికి అతని వయసు 44. మన దేశం నుంచి కూడా మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ అక్కడ ఆడారు. కాబట్టి "ఇప్పుడు కాకపోతే వయసైపోతుంది" అని మీ తమ్ముడు అంటే, ఈ ఆట వరకు ఆ మాట నమ్మకండి. డిగ్రీకి మిగిలింది ఏడాదిన్నర, అదేం పెద్ద ఆలస్యం కాదు.

డబ్బు సంగతి. 2024లో స్ట్రీట్ ఫైటర్ పోటీ క్యాప్‌కామ్ కప్ గెలిచిన తైవాన్ ఆటగాడు ఉమాకి పది లక్షల డాలర్లు వచ్చాయి. ఈ వార్త మీ తమ్ముడు మీకు చూపించే ఉంటాడు. చూపించనిది ఇంకొకటి ఉంది. 2023 ఎవోలో స్ట్రీట్ ఫైటర్ 6 ఒక్కదానికే 7 వేల మందికి పైగా పేర్లిచ్చారు, డబ్బు ముట్టింది పైనున్న గుప్పెడు మందికి. మిగతావాళ్లంతా టికెట్టు, హోటలు సొంత డబ్బుతో పెట్టుకుని వచ్చినవాళ్లే. మన దగ్గర స్పాన్సర్ల చూపంతా మొబైల్ షూటింగ్ గేమ్స్ మీద ఉంటుంది, ఫైటింగ్ గేమ్స్‌కి రాలేది చిల్లర. నా పన్నెండేళ్ల లెక్క మొన్న వేసుకున్నాను. ప్రైజులు, స్పాన్సర్, అన్నీ కలిపితే వచ్చింది దాదాపు నాలుగున్నర లక్షలు, ఖర్చు అంతకు కొంచెం ఎక్కువే. మిర్చి యార్డులో ఒక మంచి సీజన్ అంత కూడా కాదు.

మీ నాన్నగారు ఇది జూదమేమో అని భయపడుతున్నారని రాశారు. కాదు. డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఇ-స్పోర్ట్స్, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్స్, వేరు. 2022 డిసెంబర్‌లో కేంద్రం దీన్ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది, 2025 ఆగస్టులో వచ్చిన చట్టం కూడా పందెం ఆటలను ఆపుతూ ఇ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. ఎంట్రీ ఫీజు కట్టి పోటీలో ప్రైజు గెలవడం పందెం కిందికి రాదు. మ్యాచ్ మీద డబ్బు కాయమనే యాప్ ఏదైనా ఫోన్‌లో కనిపిస్తే మాత్రం అప్పుడు భయపడండి.

ఇక మీరు చేయగలిగింది. కాలేజీ మాననివ్వకండి. కారణం మీ నాన్నగారు చెప్పే కారణం కాదు. ఒకటి, విదేశీ వీసాకి వెళ్లినప్పుడు "ఏం చేస్తున్నావు" అని అడుగుతారు, కాలేజీ కాగితమో ఉద్యోగం కాగితమో ఉంటే ఆ కిటికీ దగ్గర టెన్షన్ తగ్గుతుంది. రెండు, ఇంటి ఖర్చుకి ఈ ప్రైజు కావాలి అనుకుంటూ కూర్చున్నవాడి చెయ్యి బిగుసుకుపోతుంది, అది నేను అనుభవించాను. మూడోది అసలుది, ఆ కాలేజీలో నాలుగైదు వేల మంది కుర్రాళ్లున్నారు. టెక్కెన్ ఆడేవాళ్లు పది మందైనా ఉండరా? వాళ్లని వెతకమనండి. మీ ఇంట్లో గది ఇవ్వడానికి నాన్నగారు ఒప్పుకోకపోతే, ఎవరింట్లో ఒప్పుకుంటే అక్కడ. వారానికి ఒక రాత్రి చాలు. ఆరు నెలలు అలా ఆడి, సొంత ఖర్చుతో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో రెండు ఆఫ్‌లైన్ టోర్నమెంట్లు ఆడి రమ్మనండి. చెన్నైకి పినాకిని, సికింద్రాబాద్‌కి శాతవాహన ఉన్నాయి, పెద్ద ఖర్చు కాదు. ఓడొచ్చిన రాత్రి అతను ఏం చేస్తాడో మీరు గమనించండి. నెట్ స్లో, కంట్రోలర్ బాగాలేదు, ఆ పాత్ర అన్యాయం అంటూ తిరిగితే ఒక లెక్క. రికార్డు చేసిన మ్యాచ్ పెట్టుకుని తనెక్కడ తప్పు చేశాడో రాసుకుంటుంటే ఇంకో లెక్క. ఎవరైనా డబ్బు ఇస్తామంటే కాగితం మీద సంతకం తీసుకోమనండి, బొటనవేలి బొమ్మలు వద్దు. అసలు బొటనవేలు నొప్పి పెడితే వెంటనే ఆపమనండి.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. నెలకోసారి ఆన్‌లైన్‌లో ఆడతాం. పింగ్, అంటే నెట్‌లో సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం, రెండొందల మిల్లీసెకన్లు దాటుతుంది, ఎవడేం చేస్తున్నాడో ఎవడికీ తెలియదు, ఓడినవాడు నెట్ లాగ్ అంటాడు. అయినా వాడు లో కిక్ వేయబోతున్నాడని నాకు ఇప్పటికీ ముందే తెలిసిపోతుంది.

ఆదివారాలు మా ఇంట్లో నలుగురైదుగురు కుర్రాళ్లు వస్తారు, ఒకడు తాడేపల్లి నుంచి బండి మీద వస్తాడు. మీ తమ్ముణ్ణి ఒక ఆదివారం పంపించండి, వీలైతే మీ నాన్నగారిని కూడా. ఆయన మా నాన్నతో కూర్చోవచ్చు, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది. పది గెలుపులదాకా ఆడదాం. కంట్రోలర్ మాత్రం సొంతది తెచ్చుకోమనండి, నా దగ్గరున్న రెండోదానికి ఒక బటన్ పోయింది.